గోగు ఎరుపు, లక్క ఎరుపు

నెల్లిమర్ల చుట్టుపక్కల గోగు చేలు పూతకొచ్చినప్పుడు చూడాలి. మనిషెత్తు దాటిన కాడలు, లేత పసుపు పువ్వులు, ప్రతి పువ్వు నడిమధ్య ముదురెరుపు మచ్చ. చేను సగం పూసిందంటే రైతు కొడవలి నూరుకుంటాడు. ఆ అదను దాటితే నార మొరటుబారుతుంది. పువ్వు కోసం ఈ పంట వేసేవాడెవడూ లేడు. చంపావతి ఒడ్డున ఉన్న ఈ ఊరి పేరు చెప్పగానే జూట్ మిల్లు గుర్తొస్తుంది, ఆ మిల్లుకు కావలసింది నార. నన్ను ఆపేది మాత్రం ఆ ఎర్రమచ్చ.

తేనెటీగకు అది దారి చూపే గుర్తు. ఎర్ర గోంగూర కాడకూ, కాయ చుట్టూ ఉండే పుల్లని దొప్పలకూ ఎరుపునిచ్చేదీ ఆ జాతి రంగే. ఆంథోసయనిన్ అంటారు. కణంలోపలి నీటిసంచిలో కరిగి ఉంటుంది, కనుక నీళ్లు తగిలితే చాలు, బయటికొచ్చేస్తుంది. నాలుగు ఎర్రదొప్పలు వేడినీళ్లలో వేయండి, కెంపులా దిగుతుంది. అందులో సున్నపు తేట రెండు చుక్కలు వేస్తే నీలానికీ, ఇంకాస్త వేస్తే ఆకుపచ్చకూ తిరుగుతుంది. పులుపులో ఒక ముఖం, క్షారంలో ఇంకో ముఖం. ఆ కెంపు నీళ్లనే ఈజిప్టులో కర్కదే అనీ, సెనెగల్‌లో బిస్సాప్ అనీ పంచదార కలుపుకుని తాగుతారు. మనకు ఆకు మీదున్న మోజు వాళ్లకు దొప్ప మీద.

ఆకు సంగతీ వేరు కాదు. గోంగూర మూకుట్లో పడ్డ కాసేపటికే పచ్చదనం పోయి ఖాకీ రంగుకు దిగుతుంది. తోటకూర అంత తొందరగా మారదు. పత్రహరితం నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు కూర్చుని ఉంటుంది. గోంగూరలో ఉన్న పులుపే, వేడి తోడవగానే, దాన్ని అక్కడినుంచి లేపేస్తుంది. పచ్చడి నల్లబడిందని వండినవాళ్లను అనడం అన్యాయం.

కోసిన గోగును కట్టలు కట్టి, ఆకు రాలాక చెరువులోనో గుంటలోనో ముంచుతారు. రెండు మూడు వారాలు ఊరాలి. సూక్ష్మజీవులు కాడలోని జిగురును తినేస్తే నార పుల్లను వదులుతుంది. అప్పుడు నడుంలోతు నీళ్లలో నిలబడి ఒలుస్తారు. ఆంథోసయనిన్ ఆ నీళ్లలోనే పోతుంది. నారకు మిగిలే బంగారు ఛాయలో ఎక్కువ పాలు లిగ్నిన్‌ది. కాడను నిటారుగా నిలబెట్టే పదార్థం అది. ఎండకు గోనె పసుపెక్కడానికీ, పాత వార్తాపత్రిక పసుపెక్కడానికీ కారణం అదే.

ఇక్కడ చెయ్యి తిరిగిన రైతుకు తెలిసిన మెళకువ ఒకటుంది. కట్టలు తేలకుండా పైన బరువు పెట్టాలి. చేతికందాయి కదా అని బురదమట్టి, అరటిబోదెలు వేస్తే నార నల్లబడుతుంది, ధర పడిపోతుంది. కాడలో, అరటిబోదెలో వగరు పదార్థం ఉంటుంది. టానిన్ అంటే అదే. మట్టిలోని ఇనుము దానితో కలిసిందంటే నలుపు పుడుతుంది. ఉతికినా పోదు.

ఇదే నలుపు కోసం కలంకారీవాళ్లు పాటుపడతారు. ముందు బట్టను కరక్కాయ రసంలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుమూ, బెల్లమూ నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి, ఆ ద్రవంతో గీత గీస్తారు. గీసిన చోట నలుపు లేస్తుంది. ఒకరికి నష్టమైన చర్య ఇంకొకరికి విద్య. కరక్కాయ చెట్టు మాత్రం ఇద్దరినీ తలచుకోలేదు. పురుగులు తన కాయను కొరకకుండా ఆ వగరును దాచుకుంది.

రంగు ఎక్కడ ఉందో ఎవరికైనా కనబడుతుంది. అది దేనిలో కరుగుతుంది, దేన్ని పట్టుకుని ఉండిపోతుంది అన్నది తెలియడమే అసలు విద్య. పెళ్లికూతురి పాదాలకు పారాణి పెట్టే పెద్దమ్మలకు ఇది తెలుసు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది, పసుపులోని కర్కుమిన్ క్షారానికి చూపే తీరు అది. పారాణి నాలుగు రోజుల్లో పోతుంది, గోరింటాకు పోదు. గోరింటాకులోని లాసోన్ చర్మంలోని కెరటిన్‌తో ముడిపడిపోతుంది, ఆ చర్మపు పొర రాలేదాకా వదలదు.

నెల్లిమర్ల మీదుగా పోయే రైలు లైనే విశాఖ దాటి నర్సీపట్నం రోడ్డు స్టేషను చేరుతుంది. అక్కడికి దగ్గర్లో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. మన చిన్నప్పటి లక్కపిడతల ఊరు. ఇక్కడ రంగును నీళ్లకు అప్పగించరు, లక్కలో బంధిస్తారు. లక్క ఒక చిన్న పురుగు కొమ్మల మీద కట్టుకునే గూడు. పురుగు ఒంట్లో ఎర్రరంగు కూడా ఉంటుంది, కడిగితే దిగుతుంది. మిగిలిన లక్క నీటిలో కరగదు, వేడికి మాత్రం మైనంలా మెత్తబడుతుంది. నిప్పు సెగన మెత్తబరిచి, పొడిచేసిన రంగు కలిపి, పాకంలా లాగి లాగి పిసుకుతారు. పసుపుకు పసుపుకొమ్ము, నీలానికి నీలిమందు, నారింజ ఎరుపుకు జాఫ్రా గింజ. ఆ గింజ మీది రంగు బిక్సిన్, క్యారెట్ రంగుకు చుట్టం. పాశ్చాత్య దేశాల్లో వెన్నకూ చీజుకూ వేసేదీ ఇదే.

తిరుగుతున్న కొయ్యకు రంగులక్క కడ్డీ అదిమితే, రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. దానిమీద మొగలాకు ఒత్తిపడితే పొర సమంగా పరుచుకుని మెరుపెక్కుతుంది. తడి ఉండదు, కుంచె ఉండదు. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు ఇంతకన్నా నమ్మకమైన రంగు ఏముంటుంది? రసాయన రంగుల హోరులో ఈ ఊరిని మళ్లీ మొక్కల రంగులవైపు తిప్పిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, 2025 గణతంత్ర దినాన ఢిల్లీలో రాష్ట్ర శకటం మీద చోటు దక్కాయి. ఇవన్నీ బాగానే ఉన్నాయి కానీ, మొక్కల రంగుకు ఉన్న లోపం కూడా చెప్పాలి. పసుపు ఎండకు వెలుస్తుంది. ఆ బొమ్మను కిటికీ అంచున పెట్టకండి.

ఇక బొమ్మ చెక్కే కర్ర అంకుడు. తెల్లగా, మెత్తగా ఉండి ఏ రంగు వేసినా పైకి తేలుస్తుంది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో టింక్టోరియా అనే మాట ఉంది, లాటిన్‌లో రంగులద్దేది అని అర్థం. కర్రను చూసి పెట్టిన పేరు కాదది. దాని ఆకులనుంచి ఒకప్పుడు నీలిరంగు తీసేవారు.