ఫొటో చెప్పేది సగం గ్రేడే

పాత రాగి నాణేల బేరాలు ఇప్పుడు చాలావరకు ఫొటోల మీదే నడుస్తున్నాయి. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న 1862 నాటి పావు అణాను, అంటే మన పెద్దలు కానీ అని పిలిచిన నాణేన్ని, ముందొకటి వెనకొకటి ఫొటో తీసి ‘ఇది ఏ గ్రేడు?’ అని అడుగుతారు. ‘వెరీ ఫైన్’ అనో ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్’ అనో ఒక్క మాటలో జవాబు వస్తుంది. నిజానికి ఆ మాటలో రెండు తీర్పులు కలిసిపోయి ఉంటాయి. నాణెం ఎంత అరిగిందన్నది ఒకటి. దాని పైపొర ఎంత ఆరోగ్యంగా ఉందన్నది రెండోది. మొదటిదాన్ని మంచి ఫొటో చూసి ధైర్యంగా చెప్పవచ్చు. రెండోదాన్ని ఎంత మంచి ఫొటో ఉన్నా పూర్తిగా చెప్పలేం. వెండి బంగారాల కంటే రాగి దగ్గర ఈ తేడా ఎక్కువ దెబ్బ తీస్తుంది. అందుకే ఫొటో చూసి చెప్పే గ్రేడును రెండుగా విడదీసి చెప్పాలన్నది ఈ వ్యాసం వాదన.

ఈ విభజన కొత్తదేమీ కాదు. నేడు ప్రపంచమంతా వాడుతున్న 1 నుంచి 70 వరకు అంకెల గ్రేడింగ్ పుట్టిందే రాగి నాణేల కోసం. విలియం షెల్డన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1949లో తమ దేశపు తొలినాటి పెద్ద రాగి సెంట్ల మీద రాసిన పుస్తకంలో దాన్ని ప్రతిపాదించాడు. గుర్తుపట్టడానికి మాత్రమే పనికొచ్చే నాణెం ధర ఒక డాలరైతే, లోపమే లేనిది 70 డాలర్లు పలకాలన్నది ఆయన లెక్క. ధరల లెక్క కొన్నాళ్లకే తప్పింది కానీ అంకెలు నిలిచి, అన్ని లోహాల నాణేలకూ పాకాయి. అయితే ఆ పాత సెంట్లను పట్టుకుని ఉన్న సేకర్తలు మాత్రం తమ పద్ధతి వదల్లేదు. ముందు బొమ్మ పదునును బట్టి ఒక అంకె వేస్తారు. తర్వాత తుప్పుకు, గీతలకు, సొట్టలకు కొంత తగ్గించి అసలు గ్రేడు తేలుస్తారు. పదునులో 40 తెచ్చుకున్న నాణెం పైపొర పాడైతే 20కి దిగిపోవచ్చు. ఫొటో ముందు కూర్చున్నవాడికి కావలసిన క్రమశిక్షణ సరిగ్గా ఇదే.

పదును చదవడం నేర్చుకోదగిన విద్య. నాణెంలో ఎత్తుగా ఉన్న భాగాలే ముందు అరుగుతాయి. పావు అణా మీద రాణి కణత దగ్గరి జుట్టు పాయలు, కిరీటం మీది నగిషీ, భుజం మీది దుస్తుల అల్లిక ముందుగా చూడవలసిన చోట్లు. పాయలు విడివిడిగా కనిపిస్తూ కొసలు మాత్రమే చదునైతే అరుగుదల తక్కువ. పాయలు కలిసి ఒకే ముద్దయి, కిరీటం గీతగా మిగిలితే నాణెం చాలా చేతులు మారిందన్నమాట. వెనకవైపు పూలతీగెలో ఆకుల ఈనెలు, చుక్కల వలయంలో చుక్కల గుండ్రదనం అదే సంగతి చెబుతాయి. ఇవన్నీ ఆకారానికి సంబంధించినవి. వెలుగు మారినా, రంగు కాస్త అటూఇటూ అయినా ఆకారం దాదాపు అదే కనిపిస్తుంది. అందుకే అరుగుదల మీద ఫొటో సాక్ష్యం గట్టిది.

అయితే చదునుగా కనిపించినదంతా అరుగుదల కాదు. ముద్ర కొట్టినప్పుడు లోహం అచ్చు లోతుల్లోకి పూర్తిగా పారకపోతే కొత్త నాణెంలో కూడా జుట్టు పాయలు ఉండవు. దీన్ని పట్టుకోవడానికి ఫొటోలోనే ఆధారాలున్నాయి. మొదట, సరిగ్గా ఆ చోటికి వెనకవైపు ఏముందో చూడాలి. రెండు అచ్చులూ ఒకేచోట లోతుగా ఉంటే లోహం రెండు వైపులకూ చాలదు, కాబట్టి వెనకవైపు కూడా అక్కడే బలహీనంగా ఉంటుంది. తర్వాత ఆ చదును రంగు చూడాలి. అరిగిన చోటు నున్నబడి, చుట్టుపక్కల కంటే వేరే ఛాయలోకి మారుతుంది. ముద్ర పడని చోట ముడి బిళ్ల గరుకు మిగిలి ఉంటుంది. అచ్చే అరిగిపోయి ఉంటే అక్షరాల పాదాలు అంచువైపు సాగినట్టు కనిపిస్తాయి. ఈ మూడింటినీ వేరు చేయగలిగినవాడికి ఫొటో చాలా చెబుతుంది.

పైపొర దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ముద్ర పడినప్పుడు రాగి ఎర్రగా మెరుస్తుంది. గాలికి, తేమకు, చేతి చెమటకు అది గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకే గ్రేడింగ్ సంస్థలు రాగి నాణేలకు అంకె పక్కన ఎరుపు, ఎరుపు-గోధుమ, గోధుమ అని రంగు కూడా రాస్తాయి. ఆ రంగును కెమెరా తన లెక్క ప్రకారం సర్దేస్తుంది. పసుపు బల్బు కింద గోధుమ నాణెం ఎర్రబడుతుంది. కొత్త నాణెం మెరుపు లోహం పారిన సన్నని చారల నుంచి వస్తుంది. చేతిలో తిప్పితే ఆ వెలుగు చక్రంలా తిరుగుతుంది. నిశ్చల చిత్రంలో ఆ కదలిక ఉండదు. అన్నివైపుల నుంచీ మెత్తని వెలుగు పడితే తుడిచిన గీతలు మాయమవుతాయి. సాయంత్రపు ఏటవాలు ఎండలో రోడ్డు మీది చిన్న గుంత కూడా పెద్దదిగా కనిపించినట్టు, పక్క నుంచి పడ్డ వెలుగులో చిన్న గీత పెద్ద లోపమైపోతుంది. చింతపండుతో తోమిన నాణెం పచ్చి గులాబీ ఛాయలో తేలుతుంది గానీ, నాలుగేళ్లు మళ్లీ నల్లబడనిచ్చి ఫొటో తీస్తే గుర్తుపట్టడం కష్టం.

ఈ రెండు తీర్పులూ ఎంత దూరం విడిపోగలవో ఒక నౌక కథ చూపిస్తుంది. బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో కొట్టిన ఈస్టిండియా కంపెనీ రాగి కాసులను మద్రాసుకు తెస్తున్న అడ్మిరల్ గార్డనర్ అనే నౌక 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరంలోని గుడ్విన్ ఇసుకమేటల దగ్గర మునిగిపోయింది. 1980లలో ఆ సరుకు పెద్దఎత్తున బయటికి తీశారు. 1808 సంవత్సరం ముద్రించిన ఆ పది, ఇరవై కాసుల నాణేలు ఒక్క బజారు కూడా చూడలేదు, ఒక్క చేతిలోనూ అరగలేదు. అయినా వాటిలో చాలావాటి పైపొరను ఉప్పునీరు తినేసింది. కంపెనీ డాలు, సింహాలు పదునుగానే ఉంటాయి, ఖాళీ భాగం మాత్రం గుంతలు పడి ఉంటుంది. చిన్న ఫొటోలో ఆ గుంతలు కనిపించకపోతే చూసినవాడు కొత్త నాణెం అనేస్తాడు. పదును గురించి అతను చెప్పింది నిజమే. గ్రేడు గురించి చెప్పింది తప్పు.

దీనికి అనుభవజ్ఞులు ఒక అభ్యంతరం చెబుతారు. వేల నాణేలు చేత్తో చూసినవాడు ఫొటోలో కూడా పైపొరను ఊహించగలడంటారు. ఊహించగలడు, అది తరచూ నిజం కూడా అవుతుంది. అయితే ఆ ఊహ నిలబడేది తీసినవాడు ఏమీ దాచకుండా తీశాడన్న నమ్మకం మీద. ఆ నమ్మకానికి ఆధారం ఫొటోలో ఉండదు. వీడియో ఉంటే చాలదా అన్నది మరో ప్రశ్న. నాణేన్ని తిప్పుతూ తీసిన వీడియో మెరుపును, గీతలను బాగా పట్టిస్తుంది, కాబట్టి అది నిజంగా మెరుగైన సాక్ష్యమే. కానీ అదీ బరువు చెప్పదు. ఎడ్వర్డ్ రాజు కాలపు పావు అణా 1906లో రాగి నుంచి కంచుకు మారింది. బరువు 6.48 గ్రాముల నుంచి 4.86 గ్రాములకు తగ్గింది. ఆ ఒక్క సంవత్సరం ముద్రతో రెండు లోహాల నాణేలూ ఉన్నాయి. ఎదురుగా తీసిన బొమ్మలో మందం కనిపించదు. తక్కెడ చెప్పవలసినది తక్కెడే చెప్పాలి. సంస్థలు డబ్బాలో మూసి అంకె వేసి ఇస్తున్నప్పుడు ఈ గొడవంతా ఎందుకని ఇంకొందరు అడుగుతారు. ఖరీదైన నాణేలకు అది సబబే. వందల రూపాయలు పలికే కానీకి గ్రేడింగ్ రుసుము నాణెం ధరను మించిపోతుంది. పైగా మూసే ముందు ఆ సంస్థవాళ్లు నాణేన్ని చేతిలోకి తీసుకునే చూస్తారు. అంటే ఆ సర్టిఫికెట్ కూడా ఈ వాదననే బలపరుస్తోంది.

బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. గ్రేడే ఒక అభిప్రాయం, ఒకే నాణెం మీద ఇద్దరు నిపుణులు రెండు అంకెలు చెబుతారు, అలాంటప్పుడు ఈ విభజనతో ఏం ఒరుగుతుందని. అభిప్రాయాలు ఎందుకు తేడా వస్తాయో చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. ఒకడు పదును చూసి 40 అంటాడు, మరొకడు మచ్చ చూసి 25 అంటాడు. ఇద్దరూ నాణేన్ని సరిగ్గానే చూశారు, వేర్వేరు ప్రశ్నలకు జవాబిచ్చారంతే. ప్రశ్నలు విడదీస్తే తగాదాలో సగం తీరుతుంది, మిగిలిన సగం ఎక్కడుందో తెలుస్తుంది. కాబట్టి ఫొటో చూసి చెప్పే జవాబు ఇలా ఉంటే న్యాయం: జుట్టు, కిరీటాల పదునును బట్టి వెరీ ఫైన్. పైపొర చేతితో చూసి తేల్చాలి. చిలుము గానీ తుడిచిన గీతలు గానీ ఉంటే గ్రేడు ఇంతకంటే దిగుతుంది. అమ్మేవాడు ఈ జవాబుకు తగ్గట్టు ధర చెప్పి, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటానని ఒప్పుకుంటే కొనేవాడికి నష్టం లేదు. రెండో సగం తేలకముందే పూర్తి గ్రేడు ధర అడిగితే, ఆ బేరం వదులుకోవడమే మేలు.