పాత్ర నోట రచయిత మాట

మా పెద్దదోర్నాల యువరచయిత ఒకరు ఈమధ్య తన కథ చూపించాడు. నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెతో నిలబడ్డ ముసలమ్మ అందులో దోపిడీ వ్యవస్థ గురించి అరపేజీ ఉపన్యసిస్తుంది. రచయిత ఆవేశం నిజమైనదే. ముసలమ్మే నిజం కాలేదు. బడిలో ఇలాంటి రాతలకే మార్కులు వేసిన నాకూ ఈ తప్పులో భాగముంది.

చాసో (1915-1994) రాసిన 'ఎంపు' చూడండి. ముష్టివాడొకడు, కూతురు కుంటివాణ్ణి కోరితే, గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు. గుడ్డివాడికి రాబడి ఎక్కువ! ఉపన్యాసమేదీ లేకుండానే ఆ తండ్రి లెక్క సమాజాన్ని బోనులో నిలబెడుతుంది.

అందుచేత ముసలమ్మ బిందెకెంత ఇస్తుందో, ఆ డబ్బు ఏ ఖర్చులో తగ్గించుకుంటుందో కనుక్కోమన్నాను.

"మరి నిబద్ధత?" అన్నాడు.

ఆ లెక్క కనుక్కోవడంతోనే అది మొదలవుతుంది. తీర్పు పాఠకుడు చెప్పుకుంటాడు.