హిరొసాకిలో నడిపించి చూపించేవాళ్లు

ఉత్తర జపాన్‌లో యాపిల్ తోటల ఊరు హిరొసాకి. కోట, చెర్రీపూలు చూసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. కానీ తెలిసిన గైడ్ వెంట ఒక పూట నడిస్తే అక్కడి కాంక్రీటు గోడల మీద కూడా మనసు పడుతుంది. ప్యారిస్‌లో వాస్తుశిల్పి లె కార్బూజియే దగ్గర పనిచేసి వచ్చిన మయెకావా కునియో తొలి కట్టడం ఇక్కడిదే, 1932 నాటిది. ఆయన కట్టడాలు ఈ ఒక్క ఊళ్లోనే ఎనిమిది లేచాయి. మంచి గైడ్ ఈ లెక్కలు నడుస్తూనే చెప్పేసి, 1964 నాటి పౌర సభాభవనం గోడ దగ్గర మాత్రం ఆగుతారు. ఏటవాలు వెలుగు పడేచోట మనల్ని నిలబెట్టి, దగ్గరికెళ్లి చూడమంటారు. కాంక్రీటు మీద చెక్క చారలు, పలకకీ పలకకీ మధ్య సన్నని గీత! సెంట్రింగ్ బిగించిన వడ్రంగుల పనితనం అలాగే అచ్చుపడిపోయింది. అంతవరకు చెప్పి, మన కళ్లకి కాస్త వ్యవధినిస్తారు. ఎక్కడ మాట ఆపాలో తెలియడమే ఈ వృత్తిలో అసలు విద్య అని నా నమ్మకం. తర్వాత, వెనకబడ్డ పెద్దవాళ్ల కోసం అడుగు తగ్గిస్తూ, పాత సైడర్ గోదాముకి తీసుకెళ్తారు. ఎర్ర ఇటుకలని కాపాడుకుంటూ 2020లో దాన్ని సమకాలీన కళల మ్యూజియంగా తెరిచారు. టైటానియం పైకప్పు వెలుగుని బట్టి రంగు మారుతుంటుంది. ఈ ఊళ్లో పుట్టిన కళాకారుడు నారా యోషితోమో చేసిన పెద్ద తెల్లకుక్క శిల్పం అక్కడే ఉంది. హిరొసాకి వెళ్లినవాళ్లు ఒక పూట ఇలాంటి గైడ్‌కి కేటాయించండి.