కువైట్ కాల్‌లో కెర్నెల్ వంతు

శుక్రవారం కువైట్‌లో సెలవు. ఫర్వానియా, హసావీ, మహబూలా గదుల్లో ఆ సాయంత్రం రాయచోటి, రాజంపేట, కోడూరు, కోనసీమ ఊళ్ల పేర్లు వినిపిస్తుంటాయి. అమ్మకు, అత్తకు, హాస్టల్లో చదివే కూతురికి ఫోన్లు. ఆ ఫోన్లు రెండు రకాలు. సిమ్ మీద నేరుగా నంబరు కొట్టి చేసేది ఒకటి, ఇమో మీదో వాట్సాప్ మీదో చేసేది ఇంకొకటి. చెవికి రెండూ ఒకటే. ఖర్చులో తేడా అందరికీ తెలిసిందే. ఫోన్ లోపల మాత్రం ఈ రెండూ నడిచే దారులు పూర్తిగా వేరు. చాలా ఫోన్లలో సిమ్ కాల్ నడిచేటప్పుడు మాట్లాడే మనిషి గొంతును ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ ముట్టుకోనే ముట్టుకోదు. ఇమో కాల్‌లో అదే గొంతును తునక తునకగా మోసేది ఆ కెర్నెలే. ఎక్కడ భారం ఎత్తుకోవాలో, ఎక్కడ పక్కకు తప్పుకోవాలో తెలిసిన ఈ పద్ధతి వెనక యాభై ఏళ్లు దాటిన సంప్రదాయం ఉంది. కంప్యూటర్ల గురించి రాసేవాళ్లు కొత్త యాప్‌ల మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు కూడా దాని మీద పెట్టరు. నాకు అది అన్యాయంగా తోస్తుంది.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా అడుగున ఉండే భాగం. మెమరీ ఎవరికి ఎంత, ప్రాసెసర్ ఎవరి వంతు, ఏ ప్రోగ్రాము ఏ పరికరం జోలికి వెళ్లవచ్చు అన్నవి తేల్చేది అదే. ఒక్కో పరికరానికి ఒక్కో రకం మాట ఉంటుంది. ఆ మాట తెలిసిన దుబాసీ డ్రైవర్. కెర్నెల్ తన పద్ధతిలో అడుగుతుంది, డ్రైవర్ దాన్ని చిప్పుకు అర్థమయ్యేలా అందిస్తుంది.

ఈ ఏర్పాటు రూపుదిద్దుకున్నది టెలిఫోన్ కంపెనీ ఇంట్లోనే. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టారు. బెల్ ల్యాబ్స్ అప్పట్లో ఏటీ అండ్ టీది, ఆ దేశంలో ఫోన్లంటే చాలావరకు ఆ సంస్థే. అయినా యూనిక్స్ కెర్నెల్‌కు టెలిఫోన్ అంటే ఏమిటో నేర్పలేదు. ఏ పరికరమైనా ఫైలులా కనిపిస్తే చాలన్నారు. తెరువు, చదువు, రాయి, మూసెయ్యి: డిస్కుకైనా టెర్మినల్‌కైనా ఇవే నాలుగు పనులు. వేగం మార్చడం, లైను ఎత్తడం, గంట మోగించడం లాంటివి ఆ నాలుగింటిలో ఇమడవు. వాటికోసం ఐఓసీటీఎల్ అనే ఐదో పిలుపు 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చింది. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టినప్పుడు ఇదే పద్ధతి తీసుకున్నాడు. ఇవాళ్టి ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది ఆ లైనక్స్ కెర్నెలే.

మన చేతిలోని ఫోన్‌లో నిజానికి రెండు కంప్యూటర్లున్నాయి. తెర, యాప్‌లు, లైనక్స్ ఒకదాని మీద నడుస్తాయి. టవర్‌తో రేడియోలో మాట్లాడే మోడెమ్ రెండోది. దానికి సొంత ప్రాసెసర్, సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి. ఈ రెండూ మాట్లాడుకునే పాత భాష 1981లో హేస్ కంపెనీ తన స్మార్ట్‌మోడెమ్ కోసం తయారుచేసింది. ప్రతి ఆదేశం ఏ, టీ అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది, 'అటెన్షన్' అన్నమాటకు పొట్టిరూపం. డయల్ చేయాలంటే ఏటీడీ, దాని వెనక నంబరు. మొబైల్ ఫోన్ల జీఎస్ఎం పద్ధతి వచ్చాక ఆ భాషనే పెంచి ప్రమాణంగా రాసుకున్నారు. అందులో నాకు ఎంతో ఇష్టమైన వివరం ఒకటుంది. నంబరు చివర సెమికోలన్ పెడితే అది మాట్లాడుకునే కాల్, పెట్టకపోతే డేటా కాల్. ఆండ్రాయిడ్‌తో పాటు నమూనాగా ఇచ్చే రేడియో ప్రోగ్రాములో ఈ సెమికోలన్ ఇప్పటికీ ఉంది. కొత్త చిప్పులు చాలావరకు ఈ అక్షరాల భాష వదిలేసి బైట్ల మూటలు పంపుకుంటున్నాయి గానీ, ఒప్పందం స్వభావం మారలేదు.

ఈ ఆదేశం అటు చేరే తీరు చూడండి. చాలా చిప్పుల్లో రెండు ప్రాసెసర్లకూ ఉమ్మడిగా కొంత మెమరీ వదులుతారు. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్‌లో పని జరిగింది ఇలాగే. ఆ మెమరీలో చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి వచ్చే బఫర్ ఒకటి ఉంటుంది. ఎక్కడిదాకా రాశామో చెప్పే గుర్తు ఒకటి, ఎక్కడిదాకా చదివామో చెప్పే గుర్తు ఒకటి. రాసేవాడు మొదటిదాన్నే జరపాలి, చదివేవాడు రెండోదాన్నే జరపాలి. ఈ చిన్న కట్టుబాటు వల్ల ఇద్దరూ తాళాలు వేసుకుని ఒకరికోసం ఒకరు ఆగనక్కర్లేదు. కాకపోతే ఇప్పటి ప్రాసెసర్లు వేగం కోసం రాతల వరస తారుమారు చేస్తాయి. అక్షరాలు చేరకముందే గుర్తు జరిగిందంటే అవతలివాడు పాత చెత్త చదువుతాడు. అందుకే డ్రైవర్ రాసినవాళ్లు ఆ రెండు పనుల నడుమ 'బారియర్' అనే ఆదేశం ఉంచుతారు: ఇంతవరకు రాసినవన్నీ కనిపించాకే దీని తర్వాతది కనిపించాలి. అది మరిచిపోయిన డ్రైవర్ రోజులతరబడి బాగానే నడిచి, ఎప్పుడో ఒకసారి కారణం చెప్పకుండా కాల్ తెంపుతుంది. అలాంటి తప్పు వెతకడం కన్నా కష్టమైన పని ఈ వృత్తిలో అరుదు.

రాసి, గుర్తు జరిపాక అవతలి ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ కొడతారు. మోడెమ్ వైపు నుంచి అలాంటి ఇంటరప్ట్ అందుకున్న కెర్నెల్ ఎంత ముఖ్యమైన పనిలో ఉన్నా ఆపి చూడాలి. చూసి, అక్కడికక్కడే అంతా చేసెయ్యకూడదు. కబురు వచ్చిందని గుర్తుపెట్టుకుని వెంటనే వెనక్కి వచ్చేయాలి, అసలు పని తర్వాత తీరికగా చేసుకోవాలి. డ్రైవర్ రాయడం నేర్చుకునేవాళ్లకు మొట్టమొదట అలవాటు చేయవలసిన క్రమశిక్షణ ఇదేనని నా అభిప్రాయం.

ఇంకో ఉపాయం పేరు లైన్ డిసిప్లిన్. ఒకే సీరియల్ తీగ మీద కాల్ ఆదేశాలు, ఎస్సెమ్మెస్‌లు, డేటా అన్నీ కలిసి పోవాలి. డ్రైవర్‌కూ పై ప్రోగ్రాముకూ మధ్య కెర్నెల్ ఒక పొరను దూర్చి, ఆ ఒక్క తీగను అనేక తీగలుగా చూపిస్తుంది. కింద డ్రైవర్ మారదు, పైన ప్రోగ్రాము మారదు. జీఎస్ఎం మోడెమ్‌ల కోసం ఇలాంటి పొర 2010లో లైనక్స్‌లో చేరింది.

ఊరి నుంచి కాల్ వచ్చినప్పుడు వరస తిరగబడుతుంది. తెర ఆరిపోయి, పెద్ద ప్రాసెసర్ నిద్రలో ఉంటుంది. మోడెమ్ మాత్రం కునుకు తీస్తూనే మధ్య మధ్య లేచి టవర్ పిలుస్తోందేమో వింటుంది. పిలుపు రాగానే ఇంటరప్ట్ గీతను లేపుతుంది, కెర్నెల్ మేలుకుంటుంది. గంట మోగేదాకా మళ్లీ నిద్రపోకుండా పట్టి ఉంచే ఏర్పాటు వేరే ఉంది. అది సరిగ్గా లేకపోతే అర్ధరాత్రి ఇంటినుంచి వచ్చిన అత్యవసరమైన ఫోను తెల్లారాక మిస్డ్ కాల్‌గా కనబడుతుంది.

కాల్ కలిసాక సిమ్ దారిలో కెర్నెల్ చేసే పని ఆశ్చర్యం కలిగించేంత తక్కువ. మైకు నుంచి మోడెమ్‌కు, మోడెమ్ నుంచి స్పీకరుకు దారి కలపమని ఆడియో చిప్పుకు చెప్పి ఊరుకుంటుంది. గొంతు ఆ చిప్పుల మధ్యే తిరుగుతుంది.

అంత తక్కువ తెలిసి ఉండటం వల్ల వచ్చే మేలుకు కువైట్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. 1983లో పుట్టిన ఎంటీసీ, అంటే ఇప్పటి జైన్, 1994లో అక్కడ జీఎస్ఎం తెచ్చింది. తర్వాత వతనియా వచ్చింది. నంబర్లు చాలక 2008 అక్టోబర్‌లో దేశమంతా ఏడంకెల నుంచి ఎనిమిదంకెలకు మారింది. ఇళ్ల ఫోన్లకు ముందు 2 చేరింది, జైన్‌కు 9, వతనియాకు 6. ఎక్స్ఛేంజీల పట్టికలు మారాయి, ఫోన్లలో దాచుకున్న పేర్ల పక్కన నంబర్లు జనం ఒక్కొక్కటీ దిద్దుకున్నారు. కెర్నెల్‌లో, డ్రైవర్‌లో ఆ మార్పు కోసం ఒక్క గీత కూడా తిరగరాయనక్కర్లేదు. నంబరు ఎన్ని అంకెలుండాలో వాటికి ఎవరూ ఎన్నడూ చెప్పలేదు గనుక. ఎలా చేయాలన్నది కెర్నెల్‌లో ఉంచి, ఏం చేయాలన్నది పైవాళ్లకు వదిలెయ్యాలన్న యూనిక్స్ నియమం విలువ అలాంటి రోజున తెలుస్తుంది.

అయితే కెర్నెల్ స్వయంగా గొంతు మోసిన కాలం కూడా ఉంది. అది నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా సాహసమైన ఘట్టం. అప్పట్లో ఆఫీసుల ఎక్స్ఛేంజీలు ఖరీదైనవి, ఒక్కో కార్డు మీద సిగ్నల్ ప్రాసెసింగ్ చిప్పులు వరసగా ఉండేవి. ఆ చిప్పుల పని మామూలు పీసీ ప్రాసెసర్‌తో చేయించవచ్చునని జిమ్ డిక్సన్ అనే అమెరికన్ ఇంజినీరు పట్టుబట్టాడు. మెక్సికో విప్లవకారుడు ఎమిలియానో జపాటా పేరు మీద తన ప్రయత్నానికి జపాటా టెలిఫోనీ అని పేరు పెట్టి, కార్డు నమూనాను అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఆస్టరిస్క్ ఎక్స్ఛేంజీ ప్రోగ్రాముకు అది జతపడింది. ఆ డ్రైవర్ల పేరు మొదట జాప్‌టెల్, 2008 నుంచి డాహ్డీ.

ఆ కార్డులకు తగిలించే డిజిటల్ టెలిఫోన్ లైన్లలో కువైట్, ఇండియా రెండూ వాడేది ఈ1. సెకనుకు 20 లక్షల 48 వేల బిట్లు, 32 అరలు. ఒక అర వరస కలపడానికి, ఒకటి సంకేతాలకు పోతే 30 గొంతులు మిగులుతాయి. ఒక్కో గొంతుకు సెకనుకు 8,000 బైట్లు. కార్డు సెకనుకు వెయ్యిసార్లు ఇంటరప్ట్ కొడుతుంది. కొట్టిన ప్రతిసారీ డ్రైవర్ ఒక్కో గొంతుకు ఎనిమిది బైట్లు తీసుకోవాలి, ఎనిమిది ఇవ్వాలి. అదంతా ఒక మిల్లీసెకను తిరిగేలోపు. ఆ సందులోనే ప్రతిధ్వని తీసేయాలి, కాన్ఫరెన్సు ఉంటే గొంతులు కలపాలి. కెర్నెల్ లోపల దశాంశాల లెక్కలు మామూలుగా వాడరు కాబట్టి ప్రతిధ్వని లెక్కలన్నీ పూర్ణ సంఖ్యల్లోనే. డిస్కు డ్రైవర్ రెండు మిల్లీసెకన్లు ఇంటరప్ట్‌లు ఆపిందా, లైనులో టక్‌మని చప్పుడు. అందుకే ఆ యంత్రాల మీద గ్రాఫిక్ తెర నడపవద్దని అనుభవజ్ఞులు చెప్పేవారు.

ప్రతిధ్వని గురించి అంత పట్టుదల ఎందుకో కువైట్ పాతకాపులను అడిగితే చెబుతారు. ఆ దేశపు విదేశీ కాల్స్‌కు ఉమ్ అల్ ఐష్‌లోని ఉపగ్రహ కేంద్రం ఆధారంగా ఉండేది. ఇరాక్ ఆక్రమణలో అది ధ్వంసమైంది. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి మాట వెళ్లి దిగడానికి పావు సెకను పడుతుంది. మన మాట అవతల తగిలి తిరిగొస్తే అర సెకను. తన గొంతే తనకు ఆలస్యంగా వినబడుతుంటే ఎవరూ మాట్లాడలేరు, నిమిషాల లెక్కన డబ్బు మాత్రం పోతుంది.

డిక్సన్ డ్రైవర్లను లైనక్స్ ప్రధాన కెర్నెల్‌లో కలుపుకోలేదు. అవి బయటే ఉండి నడిచాయి. టెలిఫోనీ అని కెర్నెల్‌లో ఒకప్పుడు ఉన్న చిన్న విభాగాన్ని కూడా 2010ల మొదట్లో తీసేశారు. నా దృష్టిలో ఆ నిర్ణయం సరైనదే. గొంతు మోయడం కెర్నెల్‌కు చేతకాక తీయలేదు, గొంతుకంటూ వేరే దారి అక్కర్లేకుండా పోయింది.

ఇమో కాల్‌ను గమనిస్తే అది తెలుస్తుంది. మైకులోని ధ్వని అంకెలై, ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డీఎంఏ ద్వారా మెమరీలోని వలయాకారపు బఫర్‌లో పడుతుంది. కొంత భాగం నిండగానే ఇంటరప్ట్. యాప్ లేచి, చదివి, కుదించి, నెట్‌వర్క్ సాకెట్‌లో రాస్తుంది. కెర్నెల్ దాన్ని ప్యాకెట్‌గా కట్టి వైఫై డ్రైవర్‌కో మోడెమ్ డ్రైవర్‌కో అందిస్తుంది. ఇక్కడ ఆడియో డ్రైవర్‌కు ఫోన్ అంటే తెలియదు, నెట్‌వర్క్ డ్రైవర్‌కు గొంతు అంటే తెలియదు. రెంటినీ ఫోన్ కాల్‌గా కలిపేది పైనున్న యాప్. ఆ తర్వాత ఆ ప్యాకెట్లు సముద్రం అడుగున కేబుల్ మీద ఆధారపడతాయి. కువైట్‌నూ ముంబైనీ కలిపే ఫాల్కన్ కేబుల్ 2008 ఫిబ్రవరి 1న గల్ఫ్‌లో తెగింది. అంతకు రెండు రోజుల ముందే ఈజిప్టు దగ్గర మరో రెండు కేబుళ్లు తెగి ఉన్నాయి. అలాంటప్పుడు డ్రైవర్ ఎంత చక్కగా రాసినా చేయగలిగింది లేదు.

కెర్నెల్‌కూ మోడెమ్‌కూ మధ్య హద్దు విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీ పడను. మోడెమ్ లోపలి ప్రోగ్రామును బయటివాళ్లు చదవలేరు. 2014లో రెప్లికెంట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందం కొన్ని శాంసంగ్ గెలాక్సీ ఫోన్లలో మోడెమ్ అడిగితే ఫోన్‌లోని ఫైళ్లు చదివి, రాసి ఇచ్చే సదుపాయం ఉందని చూపించింది. అది దొడ్డిదారి అవునా కాదా అని వాదన నడిచింది. వాదన ఎటు తేలినా డ్రైవర్ చేయవలసింది ఒకటే: ఉమ్మడి మెమరీలో మోడెమ్ రాసిన ప్రతి గుర్తునూ, ప్రతి పొడవునూ నమ్మకుండా సరిచూసుకోవడం, అడగవలసినవి తప్ప ఇంకేదీ అడగనివ్వకపోవడం. ఇంటికి పంపే డబ్బు, పాస్‌పోర్టు ఫోటో, కుటుంబం ఫోటోలు అన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే పెట్టుకుని బతికే మనిషికి ఈ సరిచూపు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

అందరూ ఇమో మీదికి వెళ్లిపోతున్నారు కదా, సిమ్ దారి పాతబడిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. కువైట్‌లో అత్యవసర నంబరు 112. ఫోన్‌కు తాళం వేసి ఉన్నా, బ్యాలెన్సు అయిపోయినా, ఆ నంబరు కొడితే మోడెమ్ దాన్ని మామూలు కాల్‌గా చూడదు. తన సొంత నెట్‌వర్క్ అందకపోతే అందిన ఏ నెట్‌వర్క్ మీదైనా ప్రయత్నించాలని జీఎస్ఎం ప్రమాణం చెబుతుంది. యజమాని ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ మార్చేశాక కష్టంలో పడ్డ పనిమనిషికి ఇమో పనికిరాదు. ఆ మూడంకెలు అలాగే వెళతాయి: డయలర్ నుంచి రేడియో ప్రోగ్రాముకు, అక్కడి నుంచి ఫైలులా తెరిచిన ఆ పరికరంలోకి, ఉమ్మడి మెమరీ దాటి మోడెమ్‌కు.