సిట్రేంజి: ఒక సంకర వృక్షపు జయాపజయాలు

రెండు జాతుల మంచి గుణాలను ఒక మొక్కలో చేర్చడమే సంకరమని విద్యార్థులు కంఠస్థం చేస్తారు. ఈ నిర్వచనం తప్పు కాదు గాని అసంపూర్ణం. సిట్రేంజి చరిత్రను పరిశీలిస్తే ఆ లోపం బయటపడుతుంది.

1894-95 శీతకాలపు తీవ్రమైన చలికి అమెరికాలోని ఫ్లారిడాలో నారింజ తోటలు నాశనమయ్యాయి. చలికి ఓర్చే పండు కోసం వాల్టర్ స్వింగిల్, హెర్బర్ట్ వెబర్ అనే శాస్త్రజ్ఞులు 1897లో సంకరాలు ఆరంభించారు. వారు ఎన్నుకొన్న త్రిపత్ర నారింజ ఆకు రాల్చి చలిని గడుపుకొనే ముండ్లచెట్టు. దాని పండు నోట పెట్టరానిది. 1909లో కాలిఫోర్నియాలో దానిని వాషింగ్టన్ నేవెల్ అనే బత్తాయి రకంతో సంకరం చేయగా పుట్టినవే ట్రాయర్, కరిజో సిట్రేంజిలు. అవి బత్తాయికన్న చలికి ఓర్చాయి. కాని చేదు పోలేదు. పండు దృష్ట్యా అది అపజయమే.

1930 తరువాత దక్షిణ అమెరికాలో ట్రిస్టెజా వైరస్ విజృంభించింది. పేనుబంక మోసుకొనిపోయే ఈ తెగులు, పుల్లనారింజ వేరుమూలంపై కట్టిన బత్తాయి చెట్లను లక్షల సంఖ్యలో చంపింది. అతుకు దిగువ ఆహారం మోసే కణజాలం చచ్చి వేళ్లు ఆకలితో మాడిపోయాయి. సిట్రేంజిపై కట్టిన అంట్లు మాత్రం తట్టుకొన్నాయి. పైగా దాని గింజలలో తల్లి కణజాలంనుంచే పిండాలు ఏర్పడడంవల్ల నారుమొక్కలు చాలవరకు ఒకే తీరున ఉంటాయి. తోటకు ఇది గొప్ప సదుపాయం.

దీనిని కేవలం శాస్త్రజ్ఞుల దూరదృష్టిగా పొగడడం సరికాదు. 1909నాటి సంకరానికి ట్రిస్టెజా లక్ష్యమే కాదు. పండు పనికిరాదని తేలినా చెట్లను నరికివేయక, వేరుమూలాలుగా పరీక్షించడమే ఇందులో మెచ్చుకోదగినది.

లోపాలు కూడా సంకరంలో దిగివస్తాయి. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో కరిజోపై కట్టిన చెట్ల ఆకులు ఇనుము అందక పాలిపోతాయి. ఉప్పునేల దానికి సరిపడదు. ఎక్సోకార్టిస్ అనే తెగులున్న కొమ్మను అంటుకు వాడితే చెట్టు గిడసబారుతుంది. కనుక ఒక దేశంలో నెగ్గిన వేరుమూలం అన్నిచోట్లా నెగ్గుతుందని చెప్పరాదు. రాయలసీమలో చీనీ అంట్లకు జంభేరి, రంగపూర్ నిమ్మ వాడుకలో ఉన్నాయి; వాటి స్థానంలో మరొకటి రావాలంటే ముందు ఆ నేలలోనే ఏళ్ల తరబడి పరీక్ష జరగాలి. తప్పు వేరును ఎన్నుకొన్న రైతుకు ఆ సంగతి తెలిసేసరికి చెట్లు కాపుకు వచ్చి ఉంటాయి. అప్పుడు వేరు మార్చడం సులభం కాదు.

కాబట్టి తరగతిలో సంకరాన్ని బోధించేటప్పుడు ఏ గుణాలు చేరాయన్న ప్రశ్నతో ఆగరాదు. ఏ పనికి, ఏ నేలలో, ఎన్నేళ్ల పరీక్షకు నిలిచిందని కూడా అడిగించాలి.