నిప్పు ఏ దిక్కునకు పోయినది?

లోకము శాశ్వతమా, అశాశ్వతమా? దానికి అంతము గలదా, లేదా? జీవుడును దేహమును ఒకటియా, వేరువేరా? తథాగతుడు మరణానంతరము ఉండునా, ఉండడా, ఉండియు ఉండకయు నుండునా, లేక ఈ రెండును గాదా? పాలీ గ్రంథములు 10 అనియు సంస్కృత బౌద్ధగ్రంథములు 14 అనియు లెక్కించు నీ ప్రశ్నలకు బుద్ధుడు బదులు పలుకలేదు. అవ్యాకృతములని వీనికి పేరు. తెలియక ఊరకుండెనని కొందరును, తెలిసియు దాచెనని కొందరును తలచిరి. విషబాణము నాటినవాడు, కొట్టినవాని కులగోత్రములు తెలిసినగాని బాణము తీయనీయనని మొండికెత్తిన కథను చెప్పి, మోక్షమునకు పనికిరాని చర్చ గనుక త్రోసిపుచ్చెనని సమాధానపడినవారే యెక్కువ. కథ మంచిదే, దానితోనే తృప్తిపడినవారు మాత్రము ఈ మౌనమునందలి శాస్త్రమును చూడక దాటిపోవుచున్నారని నా యభిప్రాయము.

ఏలయన, ప్రశ్నలు నాలుగు తెగలని ఆ సంప్రదాయమే విభజించినది. పుట్టినవారందరును చత్తురా యన్నచో అవునని యొక్కమాటతో తేల్చవచ్చును. చచ్చినవారందరును మరల పుట్టుదురా యన్నచో, క్లేశములు మిగిలినవారు పుట్టుదురు, తక్కినవారు పుట్టరని విడదీయవలెను. మనుష్యుడు గొప్పవాడా, తక్కువవాడా యన్నచో, ఎవరితో పోల్చి యడుగుచున్నావని ఎదురుప్రశ్న వేయవలెను. దేవతలతోనైన తక్కువ, పశువులతోనైన గొప్ప. ఈ మూడింటను ఇమడనిది ప్రక్కకు పెట్టదగిన ప్రశ్న.

అది యెట్టిదో వత్సగోత్రుడను పరివ్రాజకునితో జరిగిన సంభాషణమున తేటపడినది. ఎదుట మండుచున్న నిప్పు ఆరిపోయినచో తూర్పునకు పోయినదా, పడమటికా, ఉత్తరమునకా, దక్షిణమునకా యని బుద్ధుడు అతనినే యడిగెను. గడ్డియు కట్టెలును ఆధారముగా మండిన నిప్పు, అవి తీరి క్రొత్తవి యందక ఆరినది గనుక, దానికి దిక్కుల మాట పొసగదని అతడే యొప్పుకొనెను. నాలుగింటిలో ఏది చెప్పినను తప్పే; తథాగతుని మరణానంతర ప్రశ్నయు అట్టిదే. పోవుటకు ఏదో యొకటి మిగిలియున్నదను ఊహ ప్రశ్నలోనే దాగియున్నది; ఆ ఊహ చెడగానే దానిమీద నిలిచిన పక్షములన్నియు ఒక్కసారిగా కూలినవి.

ఈ చూపునకు శస్త్రమువలె పదును పెట్టినవాడు ఆచార్య నాగార్జునుడు. సుహృల్లేఖను ఆయన శాతవాహన ప్రభువునకు వ్రాసెనను ప్రతీతి చేతను, శ్రీపర్వతముతోడి సంబంధమును చెప్పు ఐతిహ్యముల చేతను, కృష్ణాతీరమునందలి నాగార్జునకొండ పేరు చేతను తెలుగువారు ఆయనను తమవానిగా తలతురు. మూలమధ్యమకకారికల 27 ప్రకరణములందును ఆయన పనిముట్లు రెండే. ఉన్నది, లేదు, ఉన్నది లేదు కూడ, రెండును గాదు అను చతుష్కోటి మొదటిది. ప్రతివాది యొప్పుకొన్న మాటనుండియే అతనికి అనిష్టమైన ఫలితమును రాబట్టు ప్రసంగము రెండవది. ఉన్నదనుటను ఖండించినవాడు లేదని యొప్పుకొన్నట్లు కాదా యను శంకకు, తరువాతి వ్యాఖ్యాతలు నిషేధమును రెండుగా విడదీసి బదులు చెప్పిరి: ఒకటి కాదనుచు వేరొకదానిని సూచించునది పర్యుదాసము, కాదని యంతటితో ఊరకుండునది ప్రసజ్యప్రతిషేధము. నాగార్జునునిది రెండవది.

ఆయనదే యైన 70 కారికల విగ్రహవ్యావర్తనియందు ఈ పోరు తర్కము గుండెలకే వచ్చి తగిలినది. జ్ఞానసాధనములైన ప్రమాణములచే వస్తువులు సిద్ధించుననెదరు గదా, ప్రమాణములు దేనిచే సిద్ధించును? వేరు ప్రమాణములచే నన్నచో వరుసకు తుదిలేదు. ఏ ప్రమాణమును లేకయే యన్నచో వాదము మొదటనే చెడినది. నిప్పు తన్నును ఇతరమును వెలిగించినట్లు ప్రమాణము తన్ను తానే సిద్ధింపజేసికొనునని యొక బదులు గలదు. నాగార్జునుడు దానిని వదలడు. వెలిగించుట యనగా చీకటిని పోగొట్టుట. నిప్పునందు చీకటి యెన్నడున్నది? చీకటిని తాకకయే పోగొట్టుననినచో ఇక్కడి నిప్పు లోకములన్నిటి చీకటిని పోగొట్టవలదా? నిప్పు తన్ను తాను వెలిగించుకొనునేని, చీకటి తన్ను తాను కప్పుకొనదేమి? అన్నియు శూన్యములైనచో నీ మాటయు శూన్యమే, అది దేనిని ఖండింపగలదనిన యాక్షేపణకు, మాయాపురుషుడొకడు మరియొక మాయాపురుషుని అడ్డుకొనినట్లని చెప్పి, తనకు ప్రతిజ్ఞయే, అనగా స్థాపింపదలచిన పక్షమే, లేదు గనుక ఆ దోషము తనకంటదని ముగించెను.

స్వపక్షము లేక పరపక్షమును ఖండించుటను న్యాయదర్శనమువారైన నైయాయికులు వితండ యనిరి. అది యంత సులువుగా కొట్టివేయదగిన యాక్షేపణ కాదు. ఓడిపోవుటకు ఏమియు లేనివానితో వాదించుట యెవరికైనను కష్టమే. వారి యసలు బలము మాత్రము త్రాసు దృష్టాంతమునందున్నది. బంగారమును తూచునపుడు త్రాసు ప్రమాణము. తూకము తెలిసిన బంగారముతో ఆ త్రాసునే పరీక్షించునపుడు అది ప్రమేయము, అనగా తెలియబడు వస్తువు. ఒక్కొక్క త్రాసునకు ఈ సమాధానము చాలును. త్రాసులన్నిటిని గూర్చియు ఒక్కసారిగా అడిగినపుడు చాలదని నాకు తోచును.

12వ శతాబ్దమున శ్రీహర్షుడు, అద్వైతియైయుండియు, ఖండనఖండఖాద్యమున ఇట్టి ఖండనమునే మరల చేపట్టి న్యాయలక్షణములను ఒక్కొక్కటిగా చీల్చివైచెను. నవ్యన్యాయము తన లక్షణములను అంత బిగువుగా కూర్చుకొనుటలో ఈ పోటునకును భాగము గలదు. 17వ శతాబ్దమున ఆంధ్రుడైన అన్నంభట్టు బాలుర కొరకు వ్రాసిన తర్కసంగ్రహమున జ్ఞానముల ప్రామాణ్యము ఎట్లు తెలియుననెడు చర్చ లేదు. దానికి ఆయన తన దీపికయందు వేరుగా చోటు కల్పింపవలసివచ్చెను.