ప్రెయిరీ రైతుల ఫొటోలు – వాస్తవికతను ఎక్కడ వెతకాలి?

రైతు జీవితం మీద వచ్చిన రచన ఏది చేతికందినా మన విమర్శకులు ముందుగా వేసే ప్రశ్న ఒకటుంది: ఇందులో కష్టం కనిపిస్తోందా, లేదా? కనిపిస్తే వాస్తవికత అంటాం. కనిపించకపోతే పలాయనవాదం అంటాం. ఈ కొలబద్ద చాలా సందర్భాల్లో పనికొచ్చిన మాట నిజమే. అయితే తన కష్టాన్ని తానే దాచుకోదలచిన మనిషి ఎదురైనప్పుడు అది మనకు దారి చూపదు. అమెరికాలో ప్రెయిరీ అని పిలిచే విశాలమైన గడ్డి మైదానాల్లో, స్టూడియో శిక్షణ లేని ఔత్సాహికులు తీసిన రైతు కుటుంబాల ఫొటోలు ఈ చిక్కును స్పష్టంగా మన ముందుంచుతాయి. ఫొటో గురించి మాట్లాడుతున్నా, ప్రశ్న మాత్రం సాహిత్యానిదే.

ముందుగా చారిత్రక నేపథ్యం. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, నామమాత్రపు రుసుం కట్టి, అయిదేళ్లు అక్కడే నివాసముండి సేద్యం చేసిన కుటుంబానికి 160 ఎకరాల భూమికి పట్టా దక్కేది. ప్రభుత్వం పంచిపెట్టిన ఆ భూమి ఖాళీ భూమి కాదు. లకోటా, షయెన్, క్రో మొదలైన ఆదివాసీ జాతులు బతికిన నేల అది. యుద్ధాలతోను, ఒప్పందాల పేరిట జరిగిన వంచనలతోను వారిని రిజర్వేషన్లలోకి నెట్టారు. వారి జీవనాధారమైన అడవిదున్నల మందలు 1880ల మధ్యకల్లా వేటగాళ్ల తుపాకులకు దాదాపు అంతరించాయి. ప్రెయిరీ ఫొటోల్లో ఇంటి వెనక దిగంతం దాకా కనిపించే శూన్యం ప్రకృతి ఇచ్చింది కాదు, చరిత్ర చేసింది. ఏ ఫొటోను చూసినా ఈ సంగతి మరవకూడదు.

ఆ నేల మీద 1886లో సాలమన్ బుచర్ అనే వ్యక్తి కెమెరా పట్టుకుని తిరిగాడు. నెబ్రాస్కా రాష్ట్రంలోని కస్టర్ కౌంటీ చరిత్రను ఫొటోల్లో రాయాలన్నది అతని సంకల్పం. తానూ హోమ్‌స్టెడ్ భూమి తీసుకుని, సేద్యంలో నిలవలేక వదిలేసినవాడే. బండి మీద ఊరూరా తిరిగి, మూడు వేలకు పైగా నెగెటివ్‌లు మిగిల్చిపోయాడు. చెట్లు లేని చోట కలప ఎక్కడిది? గడ్డి వేళ్లతో సహా నేలను పలకలుగా కోసి, ఇటుకల్లా పేర్చి ఇళ్లు కట్టుకున్నారు. ఆ మట్టి ఇళ్ల ముందు కుటుంబాలు వరసగా నిలబడ్డాయి. పక్కనే గుర్రాలు, పశువులు, బండి. కొన్నిటిలో ఆరుబయట బల్ల, దాని మీద పుచ్చకాయ.

వీటిలో ఒక ఫొటో గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ ఇంటి ఇల్లాలికి తమ మట్టి ఇల్లు తూర్పు ప్రాంతంలోని స్నేహితుల కంట పడటం ఇష్టం లేదు. ఇంట్లో ఉన్న పెద్ద పంప్ ఆర్గన్‌ను – కాళ్లతో తొక్కి వాయించే వాద్యం – బయటి ఆవరణలోకి మోయించి, దాని చుట్టూ కుటుంబమంతా నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఇల్లు కనిపించదు, ఆర్గన్ కనిపిస్తుంది. ఇది అబద్ధమా? ఇల్లు మట్టిదన్నది ఎంత నిజమో, ఆ ఇంటికి అంత బరువైన వాద్యాన్ని తెచ్చుకున్నారన్నదీ అంత నిజం. తరగతి ఫొటో రోజున మన పిల్లలు అన్న చొక్కానో, పక్కింటివాళ్ల చొక్కానో తొడుక్కుని వస్తారు. ఆ చొక్కా వారి పేదరికాన్ని దాస్తుంది, కానీ దాచాలన్న ఆరాటాన్ని దాచలేదు. వాస్తవికతను వెతకవలసింది ఆ ఆరాటంలో. పట్టా రావాలంటే ఇల్లు కట్టినట్టు, నేల దున్నినట్టు సాక్షుల చేత చెప్పించాలి. ఈ ఫొటోలు కూడా ఒక రకం సాక్ష్యాలే: మేమిక్కడ ఓడిపోలేదని బంధువులకు పంపిన వాంగ్మూలాలు.

బుచర్ కంటే లోతుగా పరిశీలించదగ్గ వ్యక్తి ఎవలిన్ కామెరన్. 1868లో ఇంగ్లండులో సంపన్న కుటుంబంలో పుట్టింది. 1889లో భర్తతో కలిసి వేటకని మోంటానా వచ్చి, ఆ తరవాత టెర్రీ అనే చిన్న ఊరి పరిసరాల్లో స్థిరపడింది. పోలో ఆటకు గుర్రాలు పెంచి ఇంగ్లండుకు ఎగుమతి చేయాలన్న దంపతుల వ్యాపారం దెబ్బతింది. డబ్బు కోసం ఇంట్లో బాడుగకు మనుషుల్ని పెట్టుకున్నారు. 1894లో ఫొటోగ్రఫీ మొదలుపెట్టి, పొరుగువారి ఫొటోలు తీసి, ఒక్కొక్కటి పాతిక సెంట్లకు అమ్మింది. కూరగాయలు పండించి అమ్మింది. డబ్బు పుచ్చుకున్నంత మాత్రాన ఆమెను వృత్తి ఫొటోగ్రాఫరనడం సరికాదు. ఆవులు పితకడం, రొట్టెలు కాల్చడం, గుర్రాలను మాలిమి చేయడం మొదలైన రోజువారీ పనుల్లో కెమెరా పని ఒకటి. ఏ పత్రికా ఆమెను పంపలేదు, ఏ ప్రభుత్వమూ నియమించలేదు. తాను ఎవరి ఫొటోలు తీసిందో వారి మధ్యనే బతికింది. ఔత్సాహికురాలు అనే మాటకు ఈ వ్యాసంలో అర్థం ఇదే.

ఈ స్థానం ఆమె చిత్రాలకు ఏమిచ్చింది? మొదటిది, శ్రమ. గొర్రెల ఉన్ని కత్తిరించే కూలీలు, పశువుల కాపర్లు, రష్యా నుంచి వలస వచ్చిన జర్మన్ రైతు కుటుంబాలు, కొత్తగా వేసిన చెక్క గుడిసె ముందు నిలబడ్డ కాపురాలు – వీరెవరూ ఆమెకు విడ్డూరం కారు. తన ఫొటో తానే తీసుకున్నప్పుడు కూడా పనిని దాచలేదు. 1904 నాటి ఒక చిత్రంలో తన వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతూ నిలబడింది. ఆమె పుట్టిన ఇంట్లో ఆ పని పనివాళ్లది. వర్గం మారిన మనిషి ఆ మార్పును సిగ్గుపడకుండా నమోదు చేసిన చిత్రమది. 1912 నాటి మరొక చిత్రంలో గుర్రం వీపు మీద నిటారుగా నిలబడింది. స్త్రీలు పక్కకు కూర్చుని స్వారీ చేయడమే మర్యాద అనుకున్న సమాజం నుంచి వచ్చిన స్త్రీ ఆమె.

రెండోది, చూపు. ఆమె ఎదుట నిలబడ్డవారి ముఖాల్లో అధికారి ముందు నిలబడ్డ బెరుకు ఉండదు, దయ కోసం ఎదురుచూపూ ఉండదు. పక్క పొలం మనిషిని చూసినట్టు చూస్తారు. శిల్పం అని మనం అనేది ఇక్కడ కెమెరా నైపుణ్యం ఒక్కటే కాదు, ఆ మనుషులతో ఆమెకున్న సంబంధం కూడా.

అయితే ఇంతటితో ఆగిపోతే మనం చేసేది విమర్శ కాదు, ఆరాధన. ఈ చిత్రాలను ధైర్యవంతులైన తొలి వలసదారుల గాథగా, ఒంటరి స్త్రీ సాహసంగా మాత్రమే చూసే ధోరణి ఉంది. ఆ ధోరణి చరిత్రను పక్కకు నెడుతుంది. 1908 ప్రాంతంలో మిల్వాకీ రోడ్ రైలు కంపెనీ మార్గం టెర్రీ మీదుగా సాగింది. 1909లో కొత్త చట్టం మెట్ట ప్రాంతాల్లో 320 ఎకరాల దాకా ఇస్తామంది. సరుకూ జనమూ ఉంటేనే రైలుకు రాబడి. అందుకే కంపెనీలు ప్రచార పుస్తకాలు వేసి, వానలు చాలని నేలను ధాన్యాగారంగా వర్ణించాయి. కొన్నేళ్లు వానలు కలిసొచ్చాయి, యుద్ధకాలంలో గోధుమ ధర పెరిగింది, బ్యాంకులు అప్పులిచ్చాయి. 1917లో కరువు మొదలైంది. యుద్ధం ముగిశాక ధర పడిపోయింది. ఆ రాష్ట్రంలో సుమారు సగం బ్యాంకులు మూతపడ్డాయి. 1920 జనాభా లెక్కల్లో 5,48,889 మంది ఉన్న మోంటానాలో 1930 నాటికి 5,37,606 మంది మిగిలారు. ఆ దశాబ్దంలో జనం తగ్గిన రాష్ట్రం దేశం మొత్తంలో అదొక్కటే.

ఈ పతనం ఆమె కుటుంబ చిత్రాల్లో ఎంత ఉంది? చాలా తక్కువ. కారణం ఆమె పిరికితనం కాదు. పాతిక సెంట్లిచ్చి ఫొటో తీయించుకునేవాడు పెళ్లి రోజున, పంట రోజున, కొత్త గుడిసె వేసిన రోజున పిలుస్తాడు. గుడిసె వదిలి బండెక్కే రోజున పిలవడు. అప్పు పత్రానికి ముఖం లేదు, వడ్డీకి రూపం లేదు. ఒక సామాజిక వ్యవస్థలో అసలు కీలకం కంటికి కనిపించే వస్తువు కానప్పుడు, కంటిని మాత్రమే నమ్ముకున్న కళకు అక్కడ హద్దు ఏర్పడుతుంది. ఆమె 1893 నుంచి 1928లో మరణించే దాకా డైరీలు రాసింది. రోజు తరవాత రోజు చేసిన పనులు అందులో ఉన్నాయి. ఫొటో పండగ పూటను చెబితే, డైరీ మామూలు పూటను చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడే ఆ జీవితం నిండుగా తెలుస్తుంది.

దీనికి ఎదురుగా మరో సంప్రదాయముంది. ఆర్థిక మాంద్యం కాలంలో 1935 నుంచి అమెరికా ప్రభుత్వం తన వ్యవసాయ సహాయ పథకాల కోసం వృత్తి ఫొటోగ్రాఫర్లను గ్రామాలకు పంపింది. రాయ్ స్ట్రైకర్ ఆ విభాగానికి అధిపతి. వారి పని మహత్తరమైనది. 1936లో డొరొతియా లాంగ్ తీసిన వలస తల్లి చిత్రం పత్రికలో అచ్చయ్యాక కాలిఫోర్నియాలోని ఆ బఠాణీ కూలీల శిబిరానికి ఆహారం చేరింది. కాని అదే విభాగంలో, తనకు అక్కర్లేదనిపించిన నెగెటివ్‌లకు స్ట్రైకర్ మొదటి సంవత్సరాల్లో రంధ్రాలు పొడిపించాడు. ఆ తల్లి ముఖం ప్రపంచమంతటికీ తెలిసింది, పేరు మాత్రం 1978 దాకా తెలియలేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే ఆ చెరొకీ స్త్రీ, ఆ చిత్రం వల్ల తనకేమీ ఒరగలేదని చెప్పింది. కష్టాన్ని చూపడమే వాస్తవికతకు హామీ అనుకునేవారు ఈ మాట గురించి ఆలోచించాలి. కామెరన్ చిత్రంలోని రైతు డబ్బిచ్చి ప్రతిని కొనుక్కుని ఇంటికి తీసుకుపోయాడు. లాంగ్ చిత్రంలోని తల్లికి తన రూపం మీదే హక్కు లేదు.

ఆదివాసుల భూమిని ఆక్రమించినవారి కుటుంబ గర్వం మీద మనకెందుకీ శ్రద్ధ అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిందే. ఈ రైతులు ఒక దోపిడీ వల్ల లాభం పొందినవారు, మరొక దోపిడీకి బలైనవారు. ఆదివాసి నుంచి లాక్కున్న నేల వీరికిచ్చారు, వీరి నుంచి బ్యాంకు లాక్కుంది. ఈ రెండు సత్యాల్లో ఏ ఒక్కటి చెప్పి రెండోది వదిలేసినా మనం చెప్పింది చరిత్ర కాదు. ఫొటో ఈ రెండిటినీ చెప్పలేదు. అది చెప్పనిదాన్ని పూరించడం విమర్శకుడి బాధ్యత.

కనుక ఔత్సాహికుల చిత్రాలను గానీ, గ్రామం నుంచి వచ్చే కొత్త రచయితల కథలను గానీ పరిశీలించేటప్పుడు కష్టం ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న చాలదు. ఎవరు చిత్రించారు, ఎవరి ఖర్చుతో, ఎవరికి చూపడానికి అని అడగాలి. చిత్రంలోని మనిషి దేన్ని ముందుకు జరిపి దేన్ని వెనక్కి నెట్టాడో చూడాలి. వెనక్కి నెట్టింది ఏ ఆర్థిక సంబంధమో గుర్తించాలి. ఇంటి అరుగు మీద కొత్త కుర్చీ వేసి ఫొటో దిగిన రైతును వర్గ చైతన్యం లేనివాడని తీసిపారేయడం తేలిక. ఆ కుర్చీ ఎందుకు కావలసి వచ్చిందో కథగా రాయడం కష్టం. అభ్యుదయ రచయిత చేయవలసింది ఆ కష్టమైన పనే.

కామెరన్ నెగెటివ్‌లు ఆమె మరణానంతరం దాదాపు అర్ధ శతాబ్దం పాటు టెర్రీలో ఒక స్నేహితురాలి ఇంటి నేలమాళిగలో పడి ఉన్నాయి. 1970ల చివర డోనా లూసీ వాటిని వెలికి తెచ్చి, డైరీలతో కలిపి చదివి, 1990లో పుస్తకంగా ప్రచురించింది. చిత్రాలను చిత్రాలుగా మాత్రమే అచ్చువేసి ఉంటే మనకు ఒక అందమైన ఆల్బం దక్కేది. డైరీని పక్కన పెట్టుకుని చదివినందువల్ల ఒక జీవితం దక్కింది.